హైబ్రిడ్ కారు బ్యాటరీకి చవకైన ప్రత్యామ్నాయం ఉందా? సీసమా, సోడియమా, లిథియమా?

సాగర్‌నగర్ శేషు
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నా దగ్గర పన్నెండేళ్ల పాత హైబ్రిడ్ సెడాన్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్. కంపెనీ పేరు రాయను, వాళ్ల తప్పేమీ లేదు, బండికి వయసైపోయింది అంతే. ఈ మధ్య డిస్‌ప్లేలో బ్యాటరీ గీతలు గబగబా నిండిపోతున్నాయి, హనుమంతవాక దగ్గర కాస్త ఎత్తు ఎక్కేసరికి మళ్లీ అడుగుకి పడిపోతున్నాయి. స్కానర్ పెడితే పీ0ఏ80 కోడ్ వచ్చింది. కొత్త ప్యాక్‌కి చెప్పిన ధర వింటే గుండె జారిపోయింది. ఈ రోజు బండి అమ్మితే వచ్చే డబ్బులో సగానికి పైనే.

నేను తిరిగేది ఎక్కువగా సాగర్‌నగర్ నుంచి గాజువాక దాకా, అప్పుడప్పుడు అరకు. బండి మిగతా అంతా బంగారంలా ఉంది, అమ్మబుద్ధి కావడం లేదు. నికెల్ బదులు ఇంకేదైనా చవకైన బ్యాటరీ పెట్టుకోవచ్చా? లెడ్ యాసిడ్ (సీసం), లిథియం, ఇప్పుడు అందరూ అంటున్న సోడియం, ఏదైనా సరే. మన ఎండకి, సముద్రపు గాలికి తట్టుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ బాబ్జీ
శనివారం రాత్రి 9:52

శేషు గారూ, ముందు బ్యాటరీ చచ్చిపోయిందని ఖాయం చేసుకోకండి. ఆ కోడ్ అంటే ప్యాక్‌లో బ్లాకుల మధ్య వోల్టేజీ తేడా వస్తోందని బండి చెబుతోంది. ఎందుకొస్తోందో చెప్పదు. మన ఊళ్లో నేను ముందు చూసేవి రెండు. ఒకటి, వెనక సీటు పక్కన గాలి పీల్చే జాలీ. దాని వెనక ఫ్యాను ఉంటుంది. సీటు కవర్ల నూలు, వెంట్రుకలు, దుమ్ము కలిసి ఫ్యాను రెక్కల మీద దూది దుప్పటిలా పేరుకుని ఉంటాయి. గాలి ఆడక మధ్యలో ఉన్న మాడ్యూళ్లు, అంటే ప్యాక్‌లో వరసగా పేర్చిన చిన్న బ్యాటరీలు, కాగి కాగి ముందు పోతాయి.

రెండోది రాగి పట్టీలు, అదే బస్‌బార్లు. మాడ్యూల్‌కీ మాడ్యూల్‌కీ మధ్య నట్టు వేసి బిగించి ఉంటాయి. సముద్రం వైపు ఇళ్లల్లో ఆరుబయట పెట్టే బళ్లు విప్పితే పట్టీలకి పచ్చగా చిలుము పట్టి కనిపిస్తుంది, కొన్ని చోట్ల నట్టు కింద నల్లగా కాలిన మచ్చ. అక్కడ కాంటాక్ట్ పోతే బ్యాటరీ బాగానే ఉన్నా కోడ్ వచ్చేస్తుంది.

మీరు మాత్రం సొంతంగా విప్పకండి. లోపల 200 వోల్టులకు పైగా డీసీ. బ్యాటరీని వేరుచేసే సర్వీస్ ప్లగ్ పీకినా ఇన్వర్టర్ కెపాసిటర్లలో కరెంట్ కాసేపు నిలిచి ఉంటుంది. 1000 వోల్టుల రబ్బరు గ్లవ్స్ లేకుండా నారింజ రంగు వైర్ల జోలికి ఎవరూ వెళ్లకూడదు.

వైజాగ్ వోల్ట్స్
శనివారం రాత్రి 10:20

ఒక సందేహం. టొయోటా ప్రియస్ లెక్క తీసుకుందాం, అందరికీ తెలిసిన ప్యాక్ కాబట్టి. అందులో 28 మాడ్యూళ్లు, ఒక్కోటి 7.2 వోల్టులు, మొత్తం 201.6 వోల్టులు, 6.5 ఆంపియర్ అవర్. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ సీల్డ్ లెడ్ బ్యాటరీలు 17 వరసగా కలిపితే 204 వోల్టులు. కెపాసిటీ కూడా దాదాపు అంతే. ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతాయి. కాగితం మీద సరిపోతోంది కదా, ఎందుకు పెట్టకూడదు?

కెమిస్ట్రీ మేడమ్
ఆదివారం ఉదయం 7:35

మంచి ప్రశ్న. నేను ఎలక్ట్రోకెమిస్ట్రీ చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వోల్టేజీ, కెపాసిటీ రెండూ సరిపోయినా హైబ్రిడ్ అడిగేది మూడోది. ఆ ప్యాక్‌లో ఉన్న శక్తి సుమారు 1.3 కిలోవాట్ అవర్. అందులోనూ కంప్యూటర్ 40 నుంచి 80 శాతం మధ్యలోనే తిప్పుతుంది. అంటే నిజంగా వాడేది అర యూనిట్టు. కానీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 20 కిలోవాట్లు ఇమ్మంటుంది, అంటే 100 ఆంపియర్లు. 6.5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అది 15 రెట్ల వేగం. బ్రేక్ తొక్కినప్పుడు కూడా దాదాపు అదే జోరుతో లోపలికి తోస్తుంది. కిరాణా కొట్టు గల్లా పెట్టెలా అనుకోండి, అందులో ఎప్పుడూ ఉండేది కొంచెమే, రోజంతా చేతులు మారేది మాత్రం చాలా.

చిన్న లెక్క చూడండి. 1500 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని చలనశక్తి సుమారు 58 వాట్ అవర్. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఆ శక్తిలో కొంత, ఐదారు సెకన్లలో, బ్యాటరీలోకి వెళ్లాలి. మామూలు సీసపు బ్యాటరీ అంత జోరుగా తీసుకోలేదు.

ఎందుకంటే డిశ్చార్జ్ అయినప్పుడు రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. ఛార్జ్ చేస్తే అది తిరిగి కరగాలి. పూర్తిగా ఛార్జ్ చేయకుండా సగంలో ఉంచి, ఎక్కువ కరెంటుతో ఆడిస్తూ ఉంటే నెగెటివ్ ప్లేటు పైపొర మీద సల్ఫేట్ గట్టిపడి పేరుకుంటుంది. ఆ పొర ఇక ఛార్జ్‌ని లోపలికి పోనివ్వదు. హైబ్రిడ్ బ్యాటరీ బతుకంతా ఆ సగం ఛార్జ్‌లోనే. కాబట్టి యూపీఎస్ బ్యాటరీలు పెడితే బండి కదులుతుంది, కానీ ఎక్కువ కాలం నిలబడవు.

డాల్ఫిన్స్ నోస్
ఆదివారం ఉదయం 8:15

మేడమ్ చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. నేను నేవీలో ఎలక్ట్రికల్ వైపు చేసి రిటైర్ అయ్యాను. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కుర్సురా లాంటి డీజిల్ సబ్‌మెరైన్లు నీళ్ల కింద నడిచేది లెడ్ యాసిడ్ బ్యాటరీల మీదే. అంత పెద్ద పడవని నడిపిన సీసం కారుని నడపలేదా అని చాలామంది అడుగుతారు.

తేడా వాడే పద్ధతిలో ఉంది. సబ్‌మెరైన్‌లో గంటల తరబడి నెమ్మదిగా ఖర్చు చేస్తాం. తర్వాత డీజిల్ నడిపి నిండా ఛార్జ్ చేస్తాం. మధ్య మధ్యలో సెల్స్ అన్నిటినీ సమం చేసే ఈక్వలైజింగ్ ఛార్జ్ పెట్టి, ఒక్కో సెల్‌లో యాసిడ్ స్పెసిఫిక్ గ్రావిటీ (చిక్కదనం) చూసి, సల్ఫేట్ మొత్తం వదిలేదాకా ఊరుకోం. ఆ నిండు ఛార్జే సీసానికి ప్రాణం. హైబ్రిడ్ కారు దానికి ఆ అవకాశమే ఇవ్వదు. ఇంకో మాట, నిండా ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దాన్ని బయటికి పంపే ఏర్పాటు లేకుండా వెనక సీటు పక్కన 17 బ్యాటరీలు పెట్టడం కుటుంబంతో తిరిగే బండిలో చేసే పని కాదు.

వైజాగ్ వోల్ట్స్
ఆదివారం ఉదయం 8:40

అర్థమైంది సార్. అయితే సీసాన్నే మార్చి చేసినవి లేవా? అల్ట్రా బ్యాటరీ అని ఎక్కడో చదివాను.

కెమిస్ట్రీ మేడమ్
ఆదివారం ఉదయం 9:30

ఉంది, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం అది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ చేసింది. నెగెటివ్ ప్లేటులో సీసానికి తోడు కార్బన్ కెపాసిటర్ ఎలక్ట్రోడ్‌ని అదే సెల్‌లో కలిపారు. బ్రేక్ తొక్కినప్పుడు వచ్చే హఠాత్ కరెంటుని ముందు కార్బన్ అందుకుంటుంది, సీసం మీద దెబ్బ పడదు, సల్ఫేట్ పేరుకోవడం బాగా తగ్గుతుంది. జపాన్‌లో ఫురుకావా, అమెరికాలో ఈస్ట్ పెన్ తయారు చేశాయి.

దాన్ని హోండా ఇన్‌సైట్‌లో, అసలున్న 144 వోల్టుల నికెల్ ప్యాక్ తీసేసి, 12 బ్యాటరీలు వరసగా పెట్టి నడిపారు. ఇంగ్లండ్‌లో మిల్‌బ్రూక్ ట్రాక్ మీద 2008 జనవరికి లక్ష మైళ్లు పూర్తిచేసింది. అంటే సుమారు 1,60,000 కిలోమీటర్లు. సీసంతో హైబ్రిడ్ నడపొచ్చని అది రుజువు చేసింది.

మరి బజారులో ఎందుకు లేదంటే, బరువు ఒక కారణం. ఇంకోటి, అదే సమయంలో లిథియం ధర పడిపోతూ వచ్చింది, కార్ల కంపెనీలు అటు వెళ్లిపోయాయి. అల్ట్రా బ్యాటరీ గాలిమరలు, గ్రిడ్ నిల్వ వైపు వెళ్లింది. ఆ కార్బన్ ఆలోచన మాత్రం మిగిలింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగి మళ్లీ స్టార్టయ్యే ఇప్పటి స్టార్ట్-స్టాప్ కార్ల బ్యాటరీల్లో నెగెటివ్ ప్లేటుకి కార్బన్ కలుపుతున్నారు.

అరకు ట్రిప్స్
ఆదివారం ఉదయం 11:05

మన దేశంలో సీసంతో హైబ్రిడ్ వచ్చింది మేడమ్. 2015లో మారుతి సియాజ్ ఎస్‌హెచ్‌వీఎస్. పెద్ద లెడ్ బ్యాటరీ, ఇంజిన్‌కి బెల్టుతో తగిలించిన మోటారు. 2018లో వచ్చిన సియాజ్‌లో దాని పక్కన చిన్న లిథియం బ్యాటరీ కూడా పెట్టారు. వాళ్లకే సీసం ఒక్కటి చాలలేదన్నమాట. అది మైల్డ్ హైబ్రిడ్, మోటారు ఒక్కటే బండిని లాగదు.

నేను ఇప్పుడు నడిపేది స్ట్రాంగ్ హైబ్రిడ్ ట్యాక్సీ. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు గమనించాను, సగం దిగేసరికి బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత పెట్రోలు వాడకుండానే ఇంజిన్ రయ్యిమని తిరుగుతుంది. మొదట్లో కస్టమర్లు భయపడేవాళ్లు. బ్యాటరీ ఇక తీసుకోలేక, బండి ఇంజిన్‌ని తిప్పి ఆ జోరుని ఖర్చు చేస్తోందని చెబుతాను. పెద్ద బ్యాటరీ పెడితే అది కూడా ఆదా అవుతుంది కదా?

కెమిస్ట్రీ మేడమ్
ఆదివారం ఉదయం 11:40

అవుతుంది, లెక్క కూడా సులువే. 1500 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు దిగితే వదిలే శక్తి 1.2 కిలోవాట్ అవర్. సింహాచలం కొండ ఎత్తు దాదాపు అంతే. టైర్ల రాపిడి, గాలి కొంత తినేసినా, అర యూనిట్టు వాడుకునే ప్యాక్‌కి అది ఎక్కువే. అరకు నుంచి దిగితే దానికి మూడు రెట్లు. కానీ సిటీలో తిరిగే రోజుల్లో ఆ అదనపు బ్యాటరీకి పని ఉండదు, బరువు మాత్రం రోజూ మోయాలి. అందుకే కంపెనీలు చిన్నదే పెడతాయి.

సీతమ్మధార సుధీర్
ఆదివారం మధ్యాహ్నం 2:15

నేను ఈవీ కంపెనీలో బ్యాటరీ ప్యాకుల మీద పనిచేస్తాను. లిథియం గురించి రాస్తాను.

లిథియం అంటే ఒక్కటి కాదు. హైబ్రిడ్‌కి పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఎల్ఎఫ్‌పీ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. నికెల్, కోబాల్ట్ లేవు కాబట్టి చవక, వేడికి కూడా మిగతా లిథియంల కంటే నిలకడగా ఉంటుంది. బీవైడీ ప్లగిన్ హైబ్రిడ్లు నడిచేది దీని మీదే. సెల్ 3.2 వోల్టులు, 63 సెల్స్ పెడితే సరిగ్గా 201.6.

కానీ ఇక్కడే చిక్కు. బండి కంప్యూటర్ మొత్తం వోల్టేజీ ఒక్కటే చూడదు. ప్రియస్‌లో రెండేసి మాడ్యూళ్లని ఒక బ్లాకుగా, 14 బ్లాకుల్ని విడివిడిగా చూస్తుంది. ఒక్కోటి 14.4 వోల్టులు. దాన్ని 3.2తో భాగిస్తే నాలుగున్నర సెల్స్. సగం సెల్ ఎక్కడ దొరుకుతుంది? నాలుగు పెడితే తక్కువ, ఐదు పెడితే ఎక్కువ. బండి నికెల్ బ్యాటరీ అనుకుని వేసే ఛార్జ్ లెక్క మొత్తం తారుమారవుతుంది.

రెండోది ఎల్‌టీఓ, లిథియం టైటనేట్. తోషిబా చేసే ఎస్‌సీఐబీ ఈ రకమే, సుజుకీ 2012లో జపాన్‌లో వ్యాగనార్‌కి వాడింది. సెల్ 2.4 వోల్టులు. ఆరు సెల్స్ వరసగా పెడితే 14.4, బ్లాకుకి అచ్చంగా సరిపోతుంది. పెద్ద కరెంటుని ఇస్తుంది, తీసుకుంటుంది, వేల సార్లు తిప్పినా అలసిపోదు. హైబ్రిడ్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. కాకపోతే కొనేటప్పుడు ఎల్ఎఫ్‌పీ కంటే చాలా ఖరీదు.

ఏ లిథియం అయినా సెల్ సెల్‌కీ కాపలా కాసే బీఎంఎస్ ఉండాలి. నికెల్ సెల్ కొంచెం ఎక్కువ ఛార్జ్ అయితే లోపలే ఆక్సిజన్ తిరిగి కలిసిపోయి వేడిగా బయటికి వస్తుంది, అలా సర్దుకుపోతుంది. లిథియం అలా సర్దుకోదు. పైన అరకు ట్రిప్స్ గారు చెప్పిన ఘాట్ దిగే పరిస్థితి ఊహించుకోండి. ప్యాక్ నిండిపోయింది, పాత కంప్యూటర్‌కి ఇది లిథియం అని తెలియదు, ఇంకా తోస్తోంది. బీఎంఎస్ హఠాత్తుగా కనెక్షన్ తెంచేస్తే హైబ్రిడ్ సిస్టమ్ మొత్తం ఆగిపోయి ఘాట్ మలుపులో బండి మొరాయిస్తుంది. తెంచకపోతే ఇంకా ప్రమాదం.

ఎంవీపీ రవి
ఆదివారం మధ్యాహ్నం 3:00

సోడియం గురించి ఎవరూ చెప్పలేదు. ఉప్పుతో చేసేది కాబట్టి కారు చవకగా అయిపోవాలి కదా.

సీతమ్మధార సుధీర్
ఆదివారం సాయంత్రం 4:25

రవి గారూ, సోడియం మీద నాకు గట్టి నమ్మకమే ఉంది. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి.

మంచి వైపు: చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లో చూపించిన మొదటి తరం సెల్ కిలోకి 160 వాట్ అవర్. ఈవీకి అది తక్కువని అందరూ పెదవి విరిచారు. హైబ్రిడ్‌కి ఆ లోటు లెక్కలోకే రాదు. మనకి కావలసింది 1.3 కిలోవాట్ అవర్, అంటే ఎనిమిది కిలోల సెల్స్. పెద్ద కరెంటు బాగా తట్టుకుంటుంది. లోపల రాగి రేకు అక్కర్లేకుండా రెండు ఎలక్ట్రోడ్లకీ అల్యూమినియం రేకే వాడొచ్చు, సున్నా వోల్టుల దాకా దించేసినా సెల్ పాడవదు, రవాణాలో భయం తక్కువ. 2024 అక్టోబర్‌లో సీఏటీఎల్ హైబ్రిడ్ల కోసమే ఫ్రీవోయ్ అనే బ్యాటరీని ప్రకటించింది, అందులో సోడియం, లిథియం సెల్స్ కలిపి పెట్టారు. మన దగ్గర రిలయన్స్ ఇంగ్లండ్‌కి చెందిన ఫారడియన్‌ని కొంది. పుణె కంపెనీ కేపీఐటీ 2023 డిసెంబర్‌లో సొంత సోడియం టెక్నాలజీని ప్రకటించింది.

కష్టం వైపు: లిథియం కార్బొనేట్ ధర 2022 నవంబర్‌లో చైనాలో టన్ను ఆరు లక్షల యువాన్ల దగ్గరికి పోయింది. అప్పుడే అందరూ సోడియం వెంట పడ్డారు. 2024 మొదటికల్లా అదే లిథియం లక్ష యువాన్ల కిందికి పడింది. సోడియం ధరలో గెలవాల్సిన పోటీ ఆ పతనంతో కష్టమైపోయింది. అమెరికాలో నేట్రాన్ అనే సోడియం కంపెనీ 2025 సెప్టెంబర్‌లో మూతపడింది. ఇంకోటి, ఛార్జ్ తగ్గేకొద్దీ సోడియం సెల్ వోల్టేజీ దాదాపు 4 నుంచి 2 దాకా జారిపోతుంది. నికెల్ ప్యాక్‌కి అలవాటుపడిన పాత ఇన్వర్టర్‌కి అంత తేడా మింగుడుపడదు.

వైజాగ్ వోల్ట్స్
ఆదివారం సాయంత్రం 5:10

ఇక్కడ ఒక విషయం తడుతోంది, తప్పయితే సరిదిద్దండి. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ సర్వేలో 2024కి లిథియం ప్యాకుల సగటు ధర కిలోవాట్ అవర్‌కి 115 డాలర్లు. మన హైబ్రిడ్‌కి కావలసింది 1.3. అంటే 150 డాలర్లు. పెద్ద కరెంటు ఇచ్చే పవర్ సెల్స్‌కి ఎక్కువ అవుతుందనుకుని మూడింతలు వేసుకున్నా, శేషు గారికి చెప్పిన ధర దగ్గరికి రాదు. అలాంటప్పుడు సోడియం వచ్చి సెల్ ధర సగమైనా బిల్లులో తగ్గేదెంత?

కెమిస్ట్రీ మేడమ్
ఆదివారం సాయంత్రం 5:45

సరైన చోట పట్టుకున్నావు బాబూ. ఈవీలో సెల్ చవకైతే కారే చవకవుతుంది, ఎందుకంటే అక్కడ 30, 40 కిలోవాట్ అవర్ సెల్స్ ఉంటాయి. హైబ్రిడ్‌లో సెల్స్ గుప్పెడు. బిల్లు పెంచేవి చుట్టూ ఉన్న పెట్టె, కాంటాక్టర్లు (పెద్ద స్విచ్చులు), సెన్సర్లు, ఫ్యాను, విప్పి బిగించే నైపుణ్యం, వారంటీ, ఆ పైన అమ్మేవాళ్ల మార్జిన్. కొత్త రసాయనం రావడం కంటే, నమ్మకంగా ప్యాక్ విప్పి, సెల్స్ మార్చి, రాతపూర్వకంగా వారంటీ ఇచ్చేవాళ్లు మన ఊళ్లో తయారవడం వల్లే ఎక్కువ ఖర్చు తగ్గుతుందని నా గట్టి అభిప్రాయం. టొయోటా చూడండి, 2021లో ఆక్వా అనే హైబ్రిడ్ కారుకి బైపోలార్ పద్ధతి తెచ్చింది. రసాయనం పాత నికెలే, కానీ లోపల ప్లేట్ల అమరిక మార్చి పవర్ సుమారు రెట్టింపు చేసింది.

ఆటోనగర్ బాబ్జీ
ఆదివారం రాత్రి 8:30

మేడమ్ మాటకి నా ఓటు. ఒక హెచ్చరిక కూడా. పోయిన మాడ్యూల్ ఒక్కటి తీసి, ఎక్కడిదో పాత మాడ్యూల్ పెట్టి చవకగా అయిపోయిందని పంపించేవాళ్లు ఉన్నారు. కోడ్ పోతుంది, కస్టమర్ సంతోషంగా వెళ్తాడు. కొన్నాళ్లకి పక్కది పోతుంది, తర్వాత ఇంకోటి. వయసు సమానంగా లేని మాడ్యూళ్లు ఒక వరసలో ఇమడవు. మారిస్తే మొత్తం కొత్త నికెల్ మాడ్యూళ్లు మార్చాలి. పాత పెట్టె, సెన్సర్లు, వైరింగ్ అన్నీ అలాగే ఉంటాయి, బండి కంప్యూటర్‌కి తేడా తెలియదు.

సీతమ్మధార సుధీర్
ఆదివారం రాత్రి 9:05

లిథియం మనిషినైనా నేనూ అదే అంటాను. ఇంకోటి, కంపెనీ డిజైన్‌కి భిన్నంగా వేరే రకం ప్యాక్ పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గుర్తుంచుకోండి, బండిలో మార్పులకి హద్దులున్నాయి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా పెట్టి, రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర టెన్షన్ మీకే.

సాగర్‌నగర్ శేషు
శుక్రవారం రాత్రి 10:15

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఈ రోజు బాబ్జీ గారి దగ్గర ప్యాక్ విప్పించాను. ఫ్యాను రెక్కలు కనపడనంత దుమ్ము. రాగి పట్టీల్లో సముద్రం వైపు... అదే, బండి కుడి పక్కన ఉన్నవాటికి చిలుము. పట్టీలు శుభ్రం చేశాక కూడా లోడ్ పెట్టి చూస్తే రెండు మాడ్యూళ్లు మిగతావాటికంటే 1.2 వోల్టులు తక్కువ చూపించాయి. లోపల ఒక్కో సెల్ పోయినట్టే అన్నారు.

మొత్తం కొత్త నికెల్ మాడ్యూళ్లు వేయిద్దామని నిర్ణయించుకున్నాను. సర్వీసు సెంటర్ చెప్పినదానికంటే బాగా తక్కువే అవుతోంది, వారంటీ కాగితం మీద రాసి ఇస్తున్నారు. రెండు సందేహాలు. పాత మాడ్యూళ్లు ఏం చేయాలి? చిలుము మళ్లీ రాకుండా ఏం చేయాలి?

కెమిస్ట్రీ మేడమ్
శనివారం ఉదయం 6:50

పాతవి తూకానికి అమ్మకండి. వాటిలో నికెల్, లాంథనం లాంటి అరుదైన లోహాలు ఉన్నాయి, ఎలక్ట్రోలైట్ పొటాషియం హైడ్రాక్సైడ్, చర్మం కాలుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కే వెళ్లాలి. ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.

ఆటోనగర్ బాబ్జీ
శనివారం ఉదయం 8:05

పట్టీలు కొత్తవే వేస్తాను, నికెల్ పూత ఉన్నవి. రాగివి ఎంత తోమినా మన గాలికి మళ్లీ పచ్చబడతాయి. నట్లు చేతి అంచనాతో బిగించకూడదు, మాన్యువల్‌లో ఉన్న టార్క్ ప్రకారమే. ప్రియస్‌కైతే 5.4 న్యూటన్ మీటర్లు, అంటే చాలా తక్కువ, కొంచెం బలం ఎక్కువైతే టెర్మినల్ ఊడి చేతిలోకి వస్తుంది. మీ బండికి ఎంతో చూసి పెడతాను. ఫ్యాను జాలీ మాత్రం ప్రతి సర్వీసుకీ తీసి దులపమని అడగండి, వెనక సీటు మీద సామాను పెట్టి దాన్ని మూసేయకండి. సోమవారం పదింటికల్లా బండి పెట్టండి, కొత్త మాడ్యూళ్లన్నీ ముందు ఒకే వోల్టేజీకి తేవాలి, దానికే ఒక రోజు పడుతుంది.